ఇంటికి ఫోన్ చేస్తే దిగులు పెరుగుతోందా?

"ఇంటికి ఫోన్ చేసిన ప్రతిసారీ ఆ రోజంతా మనసు బాగుండటం లేదు, వారానికోసారికి తగ్గించుకుందామనుకుంటున్నాను" అని రాశావు తమ్ముడూ. తగ్గించుకోవద్దు. అమెరికా వచ్చిన కొత్తల్లో నేను సరిగ్గా ఆ పనే చేసి, ఒంటరితనాన్ని చేజేతులా పెంచుకున్నాను.

అప్పట్లో కాలింగ్ కార్డులు, అంటే ముందే డబ్బు కట్టి కొనుక్కుని ఇంటికి ఫోన్ చేసుకునే కార్డులు. వెనక గీకితే పిన్ కనిపించేది. ముందు కార్డు వాళ్ల నంబరు, తర్వాత పిన్, ఆ తర్వాత అమెరికా నుంచి బయటి దేశాలకు చేసే 011, మనదేశం కోడ్ 91, అప్పుడు ఇంటి నంబరు. లైను కలిసి నాలుగు మాటలు మాట్లాడేసరికి ఇంకో నిమిషమే మిగిలిందని రికార్డింగు గొంతు అడ్డుపడేది. ఆ నిమిషంలో మనసులో మాట ఎవరికి వస్తుంది? "బాగానే ఉన్నా, తిన్నా, ఉంటా మరి." అదే అలవాటైపోయింది. 2003లో స్కైప్ వచ్చింది, 2015లో వాట్సాప్ కాల్స్, మరుసటి ఏడాది వీడియో. కార్డులు పోయాయి గానీ నా మాటలు మాత్రం ఆ కార్డు నిమిషాల దగ్గరే ఆగిపోయాయి. ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు, అయినా అవే మూడు ముక్కలు. మాట్లాడి పెట్టేశాక గదిలో ఒక్కణ్ణే కూర్చునేవాణ్ణి. నీకు పట్టుకున్న దిగులు కూడా అదేననిపిస్తోంది. అది ఫోన్ వల్ల వచ్చింది కాదు, చెప్పకుండా మింగేసిన మాటల వల్ల వచ్చింది.

ఒక నవంబరులో నాకు కనువిప్పు కలిగింది. నేనుండేది తూర్పు తీరంలో. ఆదివారం పొద్దున పదింటికి చేసేవాణ్ణి, ఇంటి దగ్గర రాత్రి ఏడున్నర. నవంబరు మొదటి ఆదివారం ఇక్కడ గడియారాలు గంట వెనక్కి జరుపుతారు, మనదేశంలో ఆ పద్ధతి లేదు. నేను మామూలుగా పదింటికే చేశాను, అక్కడ ఎనిమిదిన్నర అయింది. ఆ గంటసేపూ నాన్న భోజనానికి లేవకుండా ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారట. ఆయనేమో "ఏం లేదురా, ఊరికే కూర్చున్నా" అన్నారు. అసలు సంగతి అమ్మ చెప్పింది.

ఆ రోజు మొదటిసారి అనగలిగాను: "నాన్నా, మీరు నా ఫోన్ కోసం కూర్చుంటారన్న ధైర్యంతోనే ఇక్కడ వారం గడుస్తోంది." వెంటనే ఆయన "అక్కడ నీకు మనుషులెవరూ లేరా?" అని అడిగారు. లేరని చెప్పాను. అన్నాళ్లూ దాచింది అదే. కంగారు పడతారనుకున్నాను. పడలేదు సరికదా, తాను కొత్త ఉద్యోగంలో చేరినప్పుడు పరాయి ఊళ్లో ఎలా వేగారో చెప్పుకొచ్చారు. నాకు అంతకు ముందు తెలియని సంగతులవి. ఆ తర్వాత ఇక్కడ నేను నిలదొక్కుకున్నాను, ఇల్లు, స్నేహితులు అన్నీ అమరాయి. అయినా ఇప్పటికీ ఆయన గొంతు వినందే నాకు ఆదివారం మొదలు కాదు.

మీ తరానికి వీడియో పుట్టుకతో వచ్చిన సదుపాయం, దాని విలువ చెప్తే గానీ తెలియదు. అందుకే చెప్తున్నాను, కారు నడుపుతూనో గిన్నెలు కడుగుతూనో మాట్లాడకు. తెరమీద అమ్మ నుదురు, పైన తిరిగే ఫ్యాను మాత్రమే కనిపిస్తున్నా విసుక్కోకు. నీ గది, కిటికీ, నువ్వు నడిచే దారి చూపించు. రోజూ ఫోన్ కుదరకపోతే ఒక వాయిస్ మెసేజ్ పెట్టు, వాళ్లు దాన్ని మళ్లీ మళ్లీ వింటారు. వాళ్లు మాట్లాడటం వల్లే నువ్వు అక్కడ నిలబడగలుగుతున్నావని నోరు తెరిచి చెప్పు. తెలుసులే అనుకోవద్దు, వాళ్లకు తెలియదు.

దుబాయ్‌కి వెళ్లే వాళ్లకో మాట: దుబాయ్ ఉన్న యూఏఈ దేశంలో వాట్సాప్ కాల్స్ మామూలుగా కలవవు. అక్కడ ఏ యాప్‌కు అనుమతి ఉందో బయలుదేరే ముందే చూసుకుని, ఇంట్లోవాళ్ల ఫోన్లో కూడా ఎక్కించి వెళ్లండి.

ఇంకొకటి. మీ అమ్మానాన్నల ఫోన్ మొరాయిస్తే సరిచేసిపెట్టే పక్కింటి కుర్రాడో అమ్మాయో ఉండే ఉంటారు. ఆ నంబరు నీ దగ్గర ఉంచుకో. అవసరం పడినప్పుడే కాకుండా, ఈ వారమే ఒకసారి ఊరికే ఫోన్ చేసి థాంక్స్ చెప్పు.