చంద్రుడు తగ్గేది భూమి నీడ వల్ల కాదు, మా వాడికి నేనూ ఆ తప్పే చెప్పా

మీ పాప ఐదో క్లాస్ అన్నారు, చందమామ ఎందుకు తగ్గిపోతున్నాడు అని అడిగితే భూమి నీడ పడుతుందమ్మా అని చెప్పారు, స్కూల్లో అది తప్పన్నారు, ఇప్పుడు ఎలా చెప్పాలి అని కదా మీ ప్రశ్న. ముందు ఒకటి, దీనికి మొహమాటపడక్కర్లేదు. నేనూ మా వాడికి అచ్చం ఇదే చెప్పా, అదీ ఏదో పెద్ద తెలిసినట్టు చేతులు ఊపుతూ చెప్పా. వాడు రెండు రోజులాగి వచ్చి "మరి గ్రహణం అంటే ఏంటి నాన్నా" అన్నాడు, అప్పుడు నాకు నోట మాట రాలేదు.

అసలు విషయం చాలా చిన్నది. చంద్రుడు ఒక బంతి, సొంత వెలుగు లేదు. సూర్యుడి వైపు ఉన్న సగం ఎప్పుడూ వెలుగులోనే ఉంటుంది, రెండో సగం ఎప్పుడూ చీకట్లోనే, ఇది ఏ రోజైనా ఇంతే, అమావాస్య నాడు కూడా సగం చంద్రుడు వెలుగుతూనే ఉంటాడు. మారేదల్లా మనం ఆ వెలిగే సగాన్ని ఏ పక్క నించి చూస్తున్నాం అనేదే. ఎదురుగా చూస్తే పౌర్ణమి, వెనక నించి చూస్తే అమావాస్య, పక్క నించి చూస్తే సగం.

ఇది మాటల్లో చెప్తే పిల్లలు తలూపుతారు గానీ ఎక్కదు. పుస్తకంలో బొమ్మ అయితే ఇంకా దారుణం, మధ్యలో భూమి, చుట్టూ ఎనిమిది చంద్రుళ్లు, మా వాడు నిజంగానే ఎనిమిది ఉన్నాయేమో అనుకున్నాడు. పైగా ఆ బొమ్మ ఎక్కడో అంతరిక్షంలో నించి కిందకి చూస్తే కనపడేది, మనం చూసేదేమో లోపల్నించి. అందుకే బొమ్మ పక్కన పెట్టేసి పిల్లనే భూమిని చేసేయండి.

గదిలో లైట్లన్నీ ఆపి ఒకే ఒక్క బల్బు, పిల్ల తల ఎత్తులో ఉండేలా చూసుకోండి, అది సూర్యుడు. చేతిలో ఒక తెల్ల బంతి, అది చంద్రుడు. పిల్ల తలే భూమి. బల్బు వైపు తిరిగి చెయ్యి చాపి బంతి పట్టుకుంటే మనకి కనిపించే వైపంతా చీకటి, అది అమావాస్య. ఇప్పుడు చెయ్యి అలాగే ఉంచి మెల్లగా ఎడమ వైపుకి తిరగమనండి, బంతికి కుడి అంచున సన్నగా వెలుగు వస్తుంది, నెలవంక. పావు చుట్టు తిరిగేసరికి సగం. బల్బుకి పూర్తిగా వీపు పెట్టేసరికి నిండు చంద్రుడు. ఇంకా తిరిగితే కుడి వైపు నించి తగ్గుకుంటూ వస్తుంది, చివరికి ఎడమ అంచున వంక మిగులుతుంది.

ఇక్కడే నేను మొదటిసారి చెడగొట్టా. బంతిని సరిగ్గా కళ్ళ ఎత్తులో పట్టుకోమన్నా, వాడు వెనక్కి తిరిగేసరికి వాడి తల నీడ బంతి మీద పడి మొత్తం నల్లగా అయిపోయింది. పౌర్ణమి రావాల్సిన చోట నల్ల బంతి! "చూశావా, నీడే కదా" అన్నాడు, గెలిచినట్టు. కాసేపు ఆలోచించాక వెలిగింది, వాడు చేసింది చంద్రగ్రహణం. చంద్రుడు తిరిగే దారి సూర్యుడి చుట్టూ భూమి తిరిగే దారికి దాదాపు 5 డిగ్రీలు వాలుగా ఉంటుంది, అందుకని చాలా పౌర్ణములకి చంద్రుడు మన నీడకి కాస్త పైనించో కిందనించో తప్పించుకుపోతాడు, ఎప్పుడో వరస కుదిరినప్పుడే గ్రహణం. కాబట్టి బంతిని తల కన్నా కొంచెం పైకి ఎత్తి పట్టుకోమనండి. ముందు పైకి, తర్వాత ఒకసారి కావాలనే కళ్ళ ఎత్తులో, రెండూ చేయించండి, నీడకీ కళలకీ తేడా ఇంక మర్చిపోరు.

కానీ నిజం చెప్పాలంటే మా వాణ్ణి ఒప్పించింది బల్బు కాదు, పగలు కనిపించిన చంద్రుడు. పౌర్ణమి అయిన వారానికి పొద్దున ఎనిమిదింటికి పడమర వైపు చూడండి, తెల్లగా సగం చంద్రుడు ఉంటాడు. ఎండలో నిలబడి అదే తెల్ల బంతిని చంద్రుడి పక్కన కనపడేలా చెయ్యి చాపి పట్టుకోండి. చంద్రుడి మీద ఎంత భాగం, ఏ వైపు వెలుగుతుందో బంతి మీద కూడా అంతే, అటే! సూర్యుడు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు కాబట్టి మన బంతి మీదా, 3.84 లక్షల కిలోమీటర్ల అవతల ఉన్న చంద్రుడి మీదా వెలుగు దాదాపు ఒకే దిక్కు నించి పడుతుంది, అందుకే రెండూ ఒకేలా ఉంటాయి. నాకే ఒళ్ళు ఝల్లుమంది, ఇన్నేళ్ళలో ఎప్పుడూ చూడలేదు. అక్కడే అడిగా, సూర్యుడు ఇటు, చంద్రుడు అటు, ఇద్దరూ పైనే ఉన్నారు, నీ నీడ ఎటు పడుతుందో చూడు, అది చంద్రుణ్ణి ఎలా తాకుతుంది అని. కింద తన నీడ చూసుకుని నవ్వేశాడు. (సూర్యుడి వైపు నేరుగా చూడొద్దని మాత్రం గట్టిగా చెప్పండి.)

దూరం మాట వచ్చింది కాబట్టి, భూమి ఒక బాస్కెట్‌బాల్ అనుకుంటే చంద్రుడు టెన్నిస్ బంతి అంత, రెంటి మధ్యా దూరం ఏడు మీటర్ల పైనే. పుస్తకంలో రెండూ పక్కపక్కనే అతికించి గీస్తారు, అందుకే నీడ ప్రతిసారీ పడుతుంది అనిపిస్తుంది.

తర్వాత ఒక నెల నోట్‌బుక్‌లో రోజూ గీయమన్నా. మొదటి రెండు వారాలు బానే గీశాడు, పౌర్ణమి దాటాక "ఇవాళ చంద్రుడు రాలేదు" అని వరసగా రాసిపెట్టాడు. వచ్చాడు, వీడు పడుకున్నాక వచ్చాడు. చంద్రుడు రోజుకి సగటున 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు, పౌర్ణమికి సూర్యుడు దిగే టైంకి పైకి వస్తే ఇంకో వారానికి అర్ధరాత్రి అవుతుంది. కాబట్టి ఆ రెండో సగం పొద్దున్నే చూడమనాలి, ఇది నాకు ముందే తట్టి ఉంటే వాడి నోట్‌బుక్ సగం ఖాళీగా ఉండేది కాదు.

తిథులు కూడా ఇందులోకి లాగొచ్చు, మా వాడికి బాగా నచ్చింది. సూర్యుడికీ చంద్రుడికీ మధ్య ఎడం 12 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ ఒక తిథి, మొత్తం 30 తిథులకి 360. అంటే అష్టమిలో ఆ ఎడం 90 దాటుతుంది, అప్పుడే సగం చంద్రుడు, బంతితో పావు చుట్టు తిరిగామే అదే. పూర్తి చుట్టు, అమావాస్య నించి అమావాస్యకి, సుమారు 29 రోజుల 12 గంటలు.

మీరు మొదలెట్టేది అమావాస్య అయిన రెండో మూడో రోజు సాయంత్రం పెట్టుకోండి, సూర్యుడు దిగాక పడమరలో సన్న వంక కనపడుతుంది, పాప మెలకువగానే ఉంటుంది. ఆ వంక మధ్యలో మిగతా చంద్రుడు కూడా బూడిద రంగులో మసగ్గా కనిపిస్తాడు, అదేంటని తప్పకుండా అడుగుతుంది. అది భూమి మీద పడ్డ ఎండ తిరిగి చంద్రుడి మీదకి కొట్టిన వెలుగు. మనం నీడ వేస్తున్నాం అనుకున్న చోట నిజానికి మనమే లైట్ వేస్తున్నాం అన్నమాట.