అమ్మలూ, డ్యూటీ టైమ్ రాసిపెట్టుకో

అమ్మలూ,

రాత్రి ఫోన్‌లో నీ ఏడుపు విన్నాక నాకు నిద్ర పట్టలేదు. వైట్‌ఫీల్డ్‌లో ఆ పెద్దాయన ఇంట్లో హోమ్ నర్సింగ్ డ్యూటీకి వెళ్లి, నీ తర్వాత డ్యూటీ ఎక్కాల్సిన రిలీవర్ రాక 24 గంటలు ఉన్నావు. పైగా డ్యూటీలు వేసే కంపెనీ కోఆర్డినేటర్ నిన్నే కసిరిందన్నావు. తప్పు నీది కాదమ్మా. ఆ మాట ముందు మనసులోంచి తీసెయ్.

నేనూ ఈ బెంగళూరులోనే ఇళ్లకు వెళ్లి డ్యూటీలు చేసినదాన్ని. ఒక కంపెనీ నన్ను వరుసగా 36 గంటలు ఉంచింది. తెల్లవారుజామున కుర్చీలో కాసేపు కన్ను మూతపడింది. ఇంటివాళ్లు ఫిర్యాదు చేశారు, కంపెనీ మూడు రోజుల జీతం కోసింది. రిలీవర్ కోసం ఏడుసార్లు ఫోన్ చేశాను గానీ, చూపించడానికి నా దగ్గర ఒక్క ముక్క లేదు. "మాకెవరూ చెప్పలేదే" అన్నాడు మేనేజర్. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

అందుకే, ఫోన్‌లో ఏం మాట్లాడినా వెంటనే వాట్సాప్‌లో ఒక ముక్క పెట్టు. "రాత్రి 8కి నా డ్యూటీ అయింది, రిలీవర్ రాలేదు, మీరు ఉండమన్నారు కాబట్టి ఉన్నాను" అంటే చాలు. కోపంగా రాయకు. ఫీడ్ ఎంత పట్టించావు, యూరిన్ ఎంత వచ్చింది, రెండు గంటలకోసారి ఏ పక్కకు తిప్పావు, అన్నీ ఇంట్లో ఉండే ఫైల్‌లో టైమ్ వేసి రాయి. డ్యూటీ దిగేముందు ఇంటివాళ్ల సంతకం తీసుకో. వీపు మీద పుండు పడితే అందరూ వేలు చూపించేది నీవైపే.

ముక్కులోంచి పొట్టలోకి ఫీడ్ పోసే రైల్స్ ట్యూబ్ ఊడితే "నువ్వే పెట్టెయ్" అని కోఆర్డినేటర్ ఫోన్‌లో చెప్తుంది. నేర్చుకోని పని చెయ్యకు. అది దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఆ ప్రాణానికి ఎవరు పూచీ? ఫీడ్ ఆపి, డాక్టర్‌కు చెప్పించు.

ఇంట్లో ఎవరైనా పిచ్చివేషాలు వేస్తే "మంచి క్లయింట్, సర్దుకో" అంటారు. సర్దుకోవద్దు. బయటికి వచ్చి 112కి ఫోన్ చెయ్. డ్యూటీకి వెళ్లిన ఇల్లు కూడా పనిచేసే చోటే అని, పనిచోట ఆడవాళ్ల మీద లైంగిక వేధింపుల్ని ఆపే 2013 చట్టం చెప్తోంది. ఇలాంటి ఫిర్యాదులు చూసే కంపెనీ కమిటీకి రాతపూర్వకంగా ఇవ్వచ్చు.

జీతం 21,000 లోపే కాబట్టి ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ఆరోగ్య బీమా కింద 0.75 శాతం కోస్తారు. కోసింది కట్టారో లేదో చూడాలి. పీఎఫ్ సంగతి ప్రభుత్వం వాళ్ల ఉమంగ్ యాప్‌లో తెలుస్తుంది. కట్టకపోతే ఆ ఆఫీసులకే ఫిర్యాదు చేద్దాం. జీతం ఆపితే బన్నేరుఘట్ట రోడ్డులో కార్మిక శాఖ ఆఫీసు కార్మిక భవన్ ఉంది, నేను తోడు వస్తాను. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరడిగినా ఇవ్వకు, జిరాక్స్ చాలు.

మానేయాలనిపిస్తే మానేయ్, నేను కాదనను. కానీ మంచం మీద మనిషిని వదిలేసి మధ్యలో రాకు. ఇంకొకరికి అప్పగించాకే రా.

ఆదివారం కేఆర్ పురం వచ్చెయ్. పేస్లిప్పులు, ఆఫర్ లెటర్ తెచ్చుకో. అన్నం తిని, కూర్చుని అన్నీ చూద్దాం.

నీ పెద్దమ్మ