వేట ఫొటోల్లో దుప్పి పరుగెత్తదెందుకు?

ప్రశ్న: స్కాట్లాండ్‌లోని బ్రిటిష్ రాజకుటుంబపు బాల్మోరల్ ఎస్టేట్‌లో 1850ల్లో తీసిన ఫొటోల్లో దుప్పి చచ్చి పడి ఉంటుంది, వేటగాళ్లు కొయ్యబొమ్మల్లా నిలబడతారు. పరుగెత్తే దుప్పిని ఎందుకు తీయలేదు?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: అప్పటి తడి కొలోడియన్ పద్ధతిలో అది కుదరదు. గాజు పలక మీద కొలోడియన్ అనే జిగురు ద్రవం పోసి, వెలుతురు సోకితే బొమ్మ పడేలా మూడు నాలుగు నిమిషాలు సిల్వర్ నైట్రేట్‌లో ముంచి, తడిగా ఉండగానే ఫొటో తీసి డెవలప్ చేయాలి. ఆరితే పలక పనికిరాదు (మన వరంగల్ ఎండలకైతే మరీ తొందర). అందుకే చీకటి గుడారాన్ని కూడా వెంట మోసుకెళ్లేవారు. ఎక్స్‌పోజర్‌కు (పలక మీద వెలుతురు పడనివ్వడానికి) కొన్ని సెకన్లు పట్టేది, కదిలిందల్లా మసకే. చచ్చిన దుప్పి ఒక్కటే బుద్ధిగా ఉండేది! పైగా ఆ పలకకు ఎరుపు అందదు, కాబట్టి ఎర్రటి రోమం నల్లగా పడుతుంది.

1902లో మన నెక్కొండ దగ్గర అప్పటి వైస్రాయ్ కర్జన్, ఆయన భార్య చచ్చిన పులితో ఫొటో దిగేనాటికి తడపక్కర్లేని, త్వరగా ఫొటో తీయగల పొడి పలకలు వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. అయినా పోజు మారలేదు.