పీటూపీ యాప్‌లలో ఏది పెద్దది?

ప్రశ్న: మనలాంటివాళ్ల డబ్బు నేరుగా వేరేవాళ్లకు అప్పుగా ఇప్పించే రెండు పీటూపీ (పీర్-టు-పీర్) యాప్‌లు చూస్తున్నానండీ. ఒకటేమో ఇప్పటిదాకా వందల కోట్లు ఇప్పించామంటుంది, ఇంకోటి ఏడాదిలో రెండింతలయ్యామంటుంది. నా దగ్గరున్న రెండు లక్షలు దేంట్లో పెట్టను?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: ముందు ఆ రెండు అంకెల్నీ పోల్చడం మానేయండి. మొదటిది కంపెనీ పెట్టిన రోజు నుంచి ఇచ్చిన అప్పులన్నిటి మొత్తం, తీరినవీ మునిగినవీ కూడా అందులోనే ఉంటాయి కాబట్టి అది ఎప్పటికీ తగ్గదు. మీరు చూడాల్సింది ఈరోజు బయట ఉన్న బాకీ ఎంత, అందులో మొండిబాకీ ఎంత అని.

రెండింతల సంగతి ఇంకా తిరకాసు. 100 కోట్ల బాకీలో 8 కోట్లు మొండివనుకోండి, 8 శాతం. కొత్తగా మరో 100 కోట్లు ఇచ్చేస్తే అదే 8 కోట్లు 4 శాతంగా కనిపిస్తుంది, ఒక్క రూపాయి వసూలు కాకపోయినా! అందుకే ఏ ఏడాది ఇచ్చిన అప్పుల్లో ఎంత పోయిందో విడిగా అడగండి.

పెద్దదైతే భద్రం అనుకుంటారేమో. చైనాలో ఇలాంటి ప్లాట్‌ఫాంలు వేలల్లో ఉండేవి, 2020 చివరికి ఒక్కటీ మిగల్లేదు. బ్రిటన్‌లో 2005లో ఈ పద్ధతి మొదలుపెట్టిన జోపా అనే కంపెనీ కూడా 2021లో దీన్ని ఆపేసి బ్యాంకుగానే కొనసాగుతోంది.

మన దేశంలో అయితే ఆ యాప్ కంపెనీకి రిజర్వ్ బ్యాంక్ రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి. మీరిచ్చిన అసలు సొమ్ము పోతే ఆ నష్టాన్ని ప్లాట్‌ఫాం భరించకూడదని 2024 ఆగస్టులో నిబంధన బిగించారు, కాబట్టి 'గ్యారంటీ' అన్నవాడి జోలికే వెళ్లొద్దు. అప్పు తీసుకునే ఒక్కొక్కరికి 50 వేలకు మించి ఇవ్వకూడదు, నన్నడిగితే అయిదేసి వేలు చాలు.