గిటార్ కొన్నాను, ఇంకేం కొనాలి?

ప్రశ్న: అన్నా, పోయిన వారం అకూస్టిక్ గిటార్ కొన్నాను. దాంతోపాటు కాపో (తీగలన్నిటినీ ఒకేచోట నొక్కి ఉంచే క్లిప్పు), పిక్కులు (తీగలు మీటే చిన్న బిళ్లలు), స్టాండ్, స్ట్రాప్, పాలిష్, తీగలు చుట్టే హ్యాండిల్... అన్నీ తీసుకోమంటున్నారు. ఇవన్నీ అవసరమా? ముందు ఏది కొనమంటారు?

జవాబు: తమ్ముడూ, ముందు ట్యూనర్ కొను, అంటే తీగ శ్రుతిలో ఉందో లేదో చూపించే పరికరం. మిగతావన్నీ దాని తర్వాతే. నేను నేర్చుకోవడం మొదలుపెట్టినప్పుడు రెండు నెలలు శ్రుతి లేని గిటారే వాయించాను. కార్డ్ (కొన్ని స్వరాలు ఒకేసారి మోగేలా వేళ్లతో నొక్కడం) పట్టుకోవడం సరిగ్గానే ఉన్నా వినడానికి బాగుండేది కాదు, తప్పంతా నా వేళ్లదే అనుకుని వదిలేద్దామనుకున్నాను. ఆ పరిస్థితి ఇంకెవరికీ రాకూడదని అడిగినవాళ్లందరికీ ఈ మాటే చెప్తుంటాను.

గిటార్ తలకు క్లిప్పులా పెట్టుకునే ట్యూనర్ మంచిది. అది చెక్కలోని కంపనాన్ని పట్టుకుంటుంది కాబట్టి పక్కన టీవీ మోగుతున్నా పనిచేస్తుంది. ఫోన్ యాప్ మైకుతో వింటుంది, గది నిశ్శబ్దంగా ఉంటే అదీ చాలు. లావు తీగ నుంచి సన్నతీగ వరకు వరసగా స్వరాల పేర్లు ఇ, ఎ, డి, జి, బి, ఇ. ఇక్కడే చాలామంది తీగ తెంపుకుంటారు. మొదటా చివరా రెండూ 'ఇ' లే, కానీ లావుది సుమారు 82 హెర్ట్జ్, సన్నది 330 హెర్ట్జ్. చాలా ట్యూనర్లు అక్షరం మాత్రమే చూపిస్తాయి, పై స్థాయిదా కింది స్థాయిదా చెప్పవు. అందుకే తీగ బిగించే కీ తిప్పేముందు అది ఏ తీగకు వెళ్తోందో వేలితో తడిమి చూసుకో, కొంచెం కొంచెంగా, ప్రతిసారీ తీగ మీటి వింటూ నెమ్మదిగా తిప్పు. శ్రుతి దాటిపోతే అక్కడికక్కడే కొంచెం వెనక్కి తిప్పి ఆపేయకు, బాగా కిందికి దించి మళ్లీ పైకి తీసుకురా. లేకపోతే కీ పళ్లలో మిగిలిపోయిన వదులు వల్ల కాసేపటికే తీగ జారిపోతుంది.

రెండోది స్టాండ్. నా లెక్కలో ఇది పిక్కుల కంటే ముఖ్యం. జిప్పు వేసిన బ్యాగులో, మంచం కింద ఉన్న గిటార్‌ని ఎవరూ రోజూ బయటికి తీయరు, నువ్వు కూర్చునే చోట కళ్లెదుట నిలబెట్టి ఉంటే దాటి వెళ్లేటప్పుడైనా చెయ్యి దాని మీదకు వెళ్తుంది. కిటికీ ఎండ తగిలేచోట మాత్రం పెట్టకు, మూసిన కారులో అసలు వదలకు. వేడికి జిగురు మెత్తబడి బ్రిడ్జి (గిటార్ ఒంటి మీద తీగలు బిగించి ఉండే చెక్క) లేచిపోతుంది.

పిక్కులు రెండు మూడు మందాల్లో తీసుకో, మొదట 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్ల మధ్యది చేతికి తేలిగ్గా ఉంటుంది. చూపుడు వేలు పక్కన ఆనించి బొటనవేలు పైన వేసి, కొస కొంచెమే బయటికి కనిపించేలా పట్టుకో. స్ట్రాప్ కూర్చుని వాయించేటప్పుడు కూడా వేసుకోవచ్చు, గిటార్ జారకుండా ఉంటే ఎడమచేయి దాన్ని మోసే పని తప్పుతుంది. కాపో నెల తర్వాత చూద్దువుగాని. పాలిష్, హ్యాండిల్ ఇప్పుడు అక్కర్లేదు. వాయించాక తీగల్ని మెత్తటి నూలు గుడ్డతో తుడిస్తే చెమటకు తుప్పు పట్టకుండా ఉంటాయి. ఒక సెట్టు తీగలు మాత్రం దగ్గర పెట్టుకో, ఎక్కువగా తెగేది సన్నతీగే. నైలాన్ తీగల గిటార్‌కి స్టీలు తీగలు ఎప్పుడూ వేయకూడదు, ఆ లాగుడుకు నెక్ (వేళ్లతో తీగలు నొక్కే పొడవాటి భాగం) వంగిపోవచ్చు.

ప్రశ్న: మూడు వారాలుగా నేర్చుకుంటున్నాను. వేళ్లు విపరీతంగా నొప్పి, ఎంత గట్టిగా నొక్కినా కొన్ని తీగలు 'టక్' మని ఆగిపోతున్నాయి. నా వేళ్లు చిన్నవి, గిటార్ నాకు రాదేమో?

జవాబు: అమ్మా, వేళ్ల సంగతి పక్కన పెట్టి ముందు గిటార్‌ని చూడండి. నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలే ఫ్రెట్లు. గిటార్ తల వైపు నుంచి లెక్కపెట్టి 12వ ఫ్రెట్ దగ్గర స్కేలు పెట్టి, లావు తీగ అడుగుకూ ఫ్రెట్ పైభాగానికీ మధ్య ఖాళీ కొలవండి. స్టీలు తీగల గిటార్‌కి అది రెండు, రెండున్నర మిల్లీమీటర్లు ఉంటే బాగున్నట్టే. మూడు దాటితే ఎవరి వేళ్లకైనా కష్టమే. కొత్త గిటార్లలో చాలావరకు తీగలు ఎత్తుగానే ఉంటాయి. గిటార్లు బాగుచేసేవాళ్ల దగ్గర సెటప్ (తీగల ఎత్తు సరిచేయడం) చేయించుకోండి, వస్తువులన్నిటి కంటే ఇదే మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది. తీగలు మార్చేటప్పుడు 12 గేజ్ బదులు ఇంకా సన్నవైన 10 గేజ్ (గేజ్ అంటే తీగ మందం) వేయించుకోండి, నొక్కడం తేలికవుతుంది.

తర్వాత వేలు ఎక్కడ పెడుతున్నారో చూసుకోండి. రెండు ఫ్రెట్ల మధ్యలో కాదు, గిటార్ ఒంటి వైపున్న ఫ్రెట్‌కి ఆనీ ఆననట్టు దాని వెనకే పెట్టాలి. ఇప్పుడే ఒక్క తీగ మీద పరీక్షించండి. మధ్యలో నొక్కి మీటండి, తర్వాత వేలు అర అంగుళం ఆ ఫ్రెట్ వైపు జరిపి సగం బలంతో నొక్కండి, తేడా మీ చెవికే తెలుస్తుంది. చర్మం గట్టిపడటానికి సాధారణంగా రెండు మూడు వారాలు, ఒక్కొక్కరికి నెల పడుతుంది, ఈలోపు స్నానం చేసి వేళ్లు నానినప్పుడు వాయించకండి. కొసల్లో మంట మామూలే, మణికట్టులో నొప్పి వస్తే మాత్రం వెంటనే ఆపేయాలి.

ప్రశ్న: రోజూ ఎంతసేపు, ఎలా కూర్చుని సాధన చేయాలి?

జవాబు: చేతులు లేని కుర్చీ, తొడలు నేలకు సమాంతరంగా ఉండే ఎత్తు. సోఫా వద్దు, దిగబడిపోతాం. తీగలు కనిపించాలని గిటార్‌ని ఒడిలోకి వాల్చుకుంటాం చూడండి, అది మణికట్టును మెలిపెడుతుంది, నిటారుగానే ఉంచండి. పుస్తకం గానీ ఫోన్ గానీ కళ్ల ఎత్తులో పెట్టుకోండి.

రోజూ 15 నిమిషాలు చాలు, ఆదివారం ఒక్కరోజే రెండు గంటలు కూర్చోవడం కంటే అదే మేలు. మొదటి నిమిషం శ్రుతికి. తర్వాత రెండు కార్డులు తీసుకుని ఒక్క నిమిషంలో ఎన్నిసార్లు మార్చగలిగారో లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి, నిన్నటి అంకె పక్కనే ఉంటుంది కాబట్టి ఎంత మెరుగయ్యారో కనిపిస్తుంది. ఆ తర్వాత మెట్రోనోమ్ (లయ తప్పకుండా టిక్ టిక్ మనే పరికరం) నిమిషానికి 60 దెబ్బలకు పెట్టి అవే కార్డులు. తప్పు లేకుండా వాయించగలిగితేనే వేగం పెంచండి, అదీ నాలుగైదు అంకెలు మాత్రమే. చివరి అయిదు నిమిషాలు మీకిష్టమైన పాట, ఎంత తప్పుగా వచ్చినా సరే.

ప్రశ్న: ఎలక్ట్రిక్ గిటార్‌తో మొదలుపెట్టొచ్చా? పెద్ద యాంప్ (గిటార్ శబ్దం పెంచే స్పీకర్ పెట్టె) కావాలా?

జవాబు: నిస్సందేహంగా మొదలుపెట్టొచ్చు, తీగలు సన్నగా ఉంటాయి కాబట్టి వేళ్లకు ఇంకా సుఖం. పెద్ద యాంప్ వద్దు. హెడ్‌ఫోన్ పెట్టుకునే వీలున్న చిన్న ప్రాక్టీస్ యాంప్, ఒక మంచి కేబుల్ ఉంటే రాత్రి ఎవరి నిద్రా చెడకుండా వాయించుకోవచ్చు. ట్యూనర్ మాత్రం దీనికీ కావాలి.