సంధి అనాలా, సంధులు అనాలా? సైటులో పేజీల పేర్లు

సందేహం: తెలుగు వ్యాకరణ పాఠాలతో ఒక వెబ్‌సైట్ తయారు చేస్తున్నాం. పేజీల పేర్లు, లింకులు ముందే తేల్చమనీ, తర్వాత మారిస్తే గూగుల్‌లో వెనకబడతామనీ డెవలపర్ తొందరపెడుతున్నాడు. ‘సంధి’ అనాలా, ‘సంధులు’ అనాలా? ‘గుణసంధి’ కలిపి రాయాలా, విడదీయాలా? చాలామంది ‘అర్ధాలంకారాలు’ అని టైపు చేస్తారు కదా, ఆ పేరుతో కూడా ఒక పేజీ పెట్టాలా? లింకులు తెలుగులోనే ఉండొచ్చా?

సమాధానం: డెవలపర్ తొందరలో న్యాయముంది. అయితే పేర్ల కంటే ముందు తేలాల్సింది ఏది ఎక్కడ ఉండాలన్నది. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణాన్ని సంజ్ఞ, సంధి, తత్సమం అంటూ పది పరిచ్ఛేదాలుగా విడగొట్టి, ఒక్కో దాని కింద సూత్రాలు పెట్టాడు. మీ సైటుకీ ఆ పద్ధతి చాలు: మొదటి పేజీ, దాని కింద విభాగాలు, విభాగం కింద పాఠాలు. అంతకంటే లోతుకు వెళ్తే పాఠకుడూ విసుగుపడతాడు, లింకులు పట్టుకుని వచ్చే సెర్చ్ ఇంజన్ కూడా అడుగు పేజీల దాకా ఆలస్యంగా చేరవచ్చు. ఏ పేజీనీ వేరే పేజీ నుంచి కనీసం ఒక లింకైనా లేకుండా వదలకండి.

ఇప్పుడు ఏకవచనం, బహువచనం సంగతి. విభాగానికి ‘సంధులు’, పాఠానికి ‘గుణసంధి’ అనండి. గుంపుకి బహువచనం, ఒక్కదానికి ఏకవచనం. ‘సంధుల గురించి తెలుసుకుందాం రండి’ లాంటి శీర్షికలు వద్దు. వెతికేవాడు ‘గుణసంధి’ అనో ‘గుణసంధి ఉదాహరణలు’ అనో కొడతాడు. మన భాషలో విభక్తులు పేరుకి అతుక్కుని రూపం మార్చేస్తాయి: సంధి, సంధిలో, సంధుల, సంధులకు. యంత్రం వీటి చుట్టరికాన్ని కొంత పోల్చుకుంటుంది. అయినా శీర్షికలో ప్రథమావిభక్తి రూపం (‘లో’, ‘కు’ లాంటివి అతకని ‘సంధి’, ‘సంధులు’) ఉండటమే మేలు. పాఠంలో మాత్రం అన్ని రూపాలూ సహజంగానే వస్తాయి, వాటిని బలవంతంగా దట్టించనక్కర్లేదు.

కలపడం, విడదీయడం గురించి ఒక కొండగుర్తు. సంధి జరిగిన చోట విడదీయకూడదు. ‘అర్థాలంకారాలు’ (అర్థ + అలంకారాలు) ఒకటే మాట. అక్షరాలు మారకుండా పక్కపక్కన చేరిన సమాసాన్ని కలిపి రాయడం సంప్రదాయం, విడదీసినా కొంప మునగదు. ‘గుణసంధి’, ‘గుణ సంధి’ రెండూ చెల్లుతాయి. కానీ యంత్రానికి ఖాళీ అంటే మాట ముగిసినట్టు, అందుకని సైటంతా ఒకే రూపం పాటించండి. నేనైతే శీర్షికలో కలిపి రాసి, పాఠం మొదటి వాక్యంలో ‘గుణ సంధి అని విడదీసి రాసేవారూ ఉన్నారు’ అంటాను. ‘సంధి లో’, ‘వ్యాకరణం లో’ అని ప్రత్యయాన్ని దూరంగా నెట్టడం మాత్రం తప్పే. నెట్లో ఇది అంటువ్యాధిలా పాకింది.

అర్థానికీ అర్ధానికీ వచ్చిన తంటా పెద్దది. ‘థ’తో రాస్తే భావం, ‘ధ’తో రాస్తే సగం. కాబట్టి ‘అర్ధాలంకారాలు’ అంటే సగం అలంకారాలు! తప్పు రూపానికి వేరే పేజీ పెడితే తప్పుకి మీరే ముద్ర వేసినట్టవుతుంది, పైగా ఒకే పాఠం రెండు చోట్ల ఉంటే ఏది అసలుదో సెర్చ్ ఇంజన్ తేల్చుకోవాల్సి వస్తుంది. దానికి బదులు ‘అర్థాలంకారాలు’ పాఠంలోనే ఈ తేడాని రెండు వాక్యాల్లో వివరించండి. తప్పు రూపం పేజీలో ఉండనే ఉంటుంది, వచ్చినవాడు సరిదిద్దుకునీ పోతాడు.

ఒకే పాఠం రెండు చోట్ల అంటే గుర్తొచ్చింది, ‘తల్లిదండ్రులు’. తల్లి + తండ్రులు, గసడదవాదేశం (ఇక్కడ ‘త’ పోయి ‘ద’ రావడం) కాబట్టి సంధుల్లో రావాలి, ద్వంద్వం (రెండు మాటలకీ సమానంగా ప్రాధాన్యం ఉన్న సమాసం) కాబట్టి సమాసాల్లోనూ రావాలి. పాఠాన్ని రెండుసార్లు ఎక్కించకండి. గసడదవాదేశానికి ఒకే పేజీ పెట్టి, రెండు విభాగాల నుంచీ దానికే లింకు ఇవ్వండి. ఆ లింకు మీద ‘ఇక్కడ నొక్కండి’ అని కాకుండా ‘గసడదవాదేశ సంధి’ అనే రాయండి. లింకు మీదున్న మాటని బట్టే అవతలి పేజీ దేని గురించో మనిషికైనా యంత్రానికైనా తెలిసేది.

ఉదాహరణలు బొమ్మలుగా పెట్టొద్దు. పరీక్షకి చదివే పిల్లలు సంధి పేరుతో కంటే ‘మహేంద్రుడు ఏ సంధి’ అని అడిగే అవకాశమే ఎక్కువ. ‘మహా + ఇంద్రుడు’ అక్షరాల్లో ఉంటే ఆ ప్రశ్నకి మీ పేజీ సులువుగా దొరుకుతుంది.

లింకులు తెలుగులో ఉండొచ్చు, గూగుల్ చదువుతుంది. చిక్కు కాపీ చేసేటప్పుడు వస్తుంది. ‘వ్యాకరణం’ అనే మాటలో యూనికోడ్ లెక్కన 8 సంకేతాలున్నాయి: వ, పొల్లు, య, దీర్ఘం, క, ర, ణ, సున్న. ఒక్కోటి 3 బైట్లు, ఒక్కో బైటూ శాతం గుర్తుతో కలిపి 3 అక్షరాలుగా మారుతుంది. వెరసి ఆ ఒక్క మాటా 72 అక్షరాల తోక! వాట్సాప్‌లో అలాంటి లింకు చూస్తే నాకైతే నొక్కబుద్ధి కాదు. లింకు వరకు ఇంగ్లీషు అక్షరాల్లో పొట్టిగా పెట్టుకోండి. మాటల మధ్య అండర్‌స్కోర్ కాకుండా హైఫన్ వాడాలి. ‘సంధి’కి ఒక చోట హెచ్ పెట్టి, ఇంకో చోట మానేయకండి. శీర్షిక ఎలాగూ తెలుగులోనే ఉంటుంది.

ఇంత జాగ్రత్తపడ్డాక కూడా ఏదో ఒక లింకు మార్చక తప్పకపోతే, పాతదాన్ని తీసేసి ఊరుకోకుండా అక్కణ్నుంచి కొత్తదానికి శాశ్వత దారిమళ్లింపు పెట్టమనండి. 301 అంటే మీ డెవలపర్‌కి తెలుస్తుంది. సెర్చ్ ఇంజన్ కోసం సైటులోని లింకులన్నీ రాసిపెట్టే జాబితా, అంటే సైట్‌మ్యాప్‌లో కూడా కొత్త లింకే ఉండాలి. ఒక్కో సైట్‌మ్యాప్ ఫైలులో 50,000 లింకుల దాకా పడతాయి కాబట్టి మీ పాఠాలకి ఒక్క ఫైలు చాలు.