తాతయ్య ఆచూకీ కోసం కౌంటీ రికార్డులు వెతకబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. అమ్మమ్మ తమ్ముడు 1971లో డాక్టరుగా అమెరికాలోని డిట్రాయిట్ వచ్చారనీ, 1983 తరువాత ఆయన ఉత్తరాలు ఆగిపోయాయనీ, నువ్వు ఉద్యోగం మీద కొలంబస్ చేరావు కాబట్టి వెతికిపెట్టమని అమ్మమ్మ అడుగుతున్నారనీ రాశావు. ఇంటర్నెట్‌లో ఆచూకీ చెప్పే సంస్థలకు డబ్బు కట్టనా అని అడిగావు. కట్టవద్దు. వాళ్ళు అమ్మేదాంట్లో చాలా భాగం కౌంటీ కార్యాలయాల్లో ఎవరైనా చూడగలిగే కాగితాల నుంచి పోగుచేసిందే. పోగుచేసేటప్పుడు ఒకే పేరున్న ఇద్దరిని ఒకరిగా కలిపేస్తారు, ఎప్పుడో ఖాళీ చేసిన ఇంటిని ఇప్పటి చిరునామాగా చూపిస్తారు. నేను చాలా ఏళ్ళు టైటిల్ కంపెనీలో పనిచేశాను. ఇల్లు చేతులు మారేముందు దాని పాత దస్తావేజులన్నీ తిరగేసి, అమ్మేవారికి హక్కు ఉందో లేదో తేల్చడం మా పని. ఆ పనిలో నేర్చుకున్నదే నీకు రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

ముందు కౌంటీ ఏదో తేల్చుకో. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. ఈ దేశంలో మూడు వేలకు పైగా కౌంటీలున్నాయి, డిట్రాయిట్ ఉన్న ఒక్క మిషిగన్ రాష్ట్రంలోనే 83. ఎవరి కాగితాలు వారివి. దేశమంతటికీ కలిపి ఒక పుస్తకం ఎక్కడా లేదు. మీ ఇంట్లో అందరూ డిట్రాయిట్ అంటున్నారు కానీ, నువ్వు ఫోటో తీసి పంపిన చివరి కవరు మీద సౌత్‌ఫీల్డ్ అని ఉంది. డిట్రాయిట్ వేన్ కౌంటీలోది. ఎయిట్ మైల్ రోడ్డు దాటితే ఓక్లండ్ కౌంటీ, సౌత్‌ఫీల్డ్ అందులోది. ఆ రోడ్డుకు ఇవతల నెలల తరబడి వెతికినా అవతలి ఇల్లు దొరకదు. నువ్వు చూడవలసింది ఇంటి దస్తావేజులు నమోదు చేసే ఓక్లండ్ కౌంటీ రిజిస్టర్ ఆఫ్ డీడ్స్ కార్యాలయం, అది పాంటియాక్‌లో ఉంది. ఇదే పని చేసే అధికారిని కొన్ని రాష్ట్రాల్లో రికార్డర్ అంటారు, టెక్సస్‌లో కౌంటీ క్లర్క్ అంటారు. కనెటికట్, వెర్మాంట్, రోడ్ ఐలండ్‌లలో ఇంటి దస్తావేజులు కౌంటీ దగ్గర ఉండనే ఉండవు, ఆయా ఊళ్ళ క్లర్కుల దగ్గరే ఉంటాయి.

మన వైపు రిజిస్ట్రేషన్ కార్యాలయంలో ఈసీ తీయాలంటే సర్వే నంబరో, ఇంటి నంబరో, దస్తావేజు నంబరో చెప్పాలి. ఆస్తిని పట్టుకుని మనిషి దాకా వెళ్తాం. ఇక్కడ దారి రెండో వైపు నుంచి కూడా తెరిచి ఉంటుంది. రాసిచ్చినవారి పేర్లతో ఒక సూచిక, రాయించుకున్నవారి పేర్లతో ఇంకో సూచిక ఉంటాయి. తాతయ్య ఇల్లు కొన్నప్పుడు రాయించుకున్నవారి సూచికలో కనిపిస్తారు. బ్యాంకుకు తనఖా పెట్టినప్పుడు, తరువాత అమ్మినప్పుడు రాసిచ్చినవారి సూచికలోకి వస్తారు. రెండూ చూడాలి. కొన్న దస్తావేజు దొరకగానే సంబరపడి ఆగిపోవద్దు. మనకు కావలసింది అమ్మిన దస్తావేజు, ఎందుకో కింద చెప్తాను.

పేరు దగ్గర చాలా ఓపిక కావాలి. సూచిక ఇంటిపేరు ప్రకారం ఉంటుంది, అయితే మనవాళ్ళ ఇంటిపేరు ఈ దేశంలో ఎక్కడ పడిందో ముందే చెప్పలేం. వెంకటేశ్వరరావు అనే మనిషి అసలు ఇంటిపేరు ఒక అక్షరంగా మిగిలి, రావు ఇంటిపేరై, వెంకట్ అసలు పేరై ఉండవచ్చు. లేదా పొడుగు పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్ళి ఉండవచ్చు. 1991కి ముందు పౌరసత్వం ఇచ్చే అధికారం కోర్టులదే. ప్రమాణం చేసే రోజునే, ఆ కోర్టులోనే పేరు కుదించుకున్నవారు చాలామంది. కాబట్టి నాలుగు రకాలుగా వెతుకు: అసలు ఇంటిపేరుతో, చివరి రావుతో, పొడి అక్షరాలతో, ఆయన భార్య పేరుతో. చౌదరి, లక్ష్మి లాంటి పేర్లను ఇంగ్లీషులో ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాస్తారు. సూచిక కంప్యూటర్‌కు ఎక్కించిన గుమస్తా ఇంకో రకంగా టైపు చేసి ఉంటాడు. చాలా సైట్లలో మొదటి నాలుగైదు అక్షరాలు కొట్టి వెతికే వీలుంటుంది. పూర్తి పేరు కొట్టడం కన్నా అదే మేలు.

భార్య పేరు మరచిపోవద్దని ఎందుకు అంటున్నానంటే, మిషిగన్ దస్తావేజుల్లో అమ్మే మగమనిషికి పెళ్ళయిందా లేదా అన్నది రాసేవారు. భర్త స్థిరాస్తిలో భార్యకు డవర్ అనే పాత హక్కు ఉండేది, 2017లో దాన్ని రద్దు చేసేదాకా ఆమె సంతకం లేకుండా అమ్మకం చిక్కుల్లో పడేది. అందువల్ల ఆయన పెళ్ళి ఎవరిని చేసుకున్నారో మీ ఇంట్లో తెలియకపోయినా, దస్తావేజు చెప్తుంది. ఆ పేరు దొరికాక మన వెతుకులాట రెట్టింపు సులువవుతుంది. తెలుగు ఇంటిపేర్లలో రావులు వేలమంది ఉంటారు, రావుతో జతపడిన ఫలానా పేరుగల భార్యలు కొద్దిమందే ఉంటారు.

ఇక అమ్మిన దస్తావేజు సంగతి. డెబ్భైలలో వచ్చిన మన డాక్టర్లు చాలామంది రిటైరయ్యాక మిషిగన్ మంచు వదిలి ఫ్లోరిడా వైపో, పిల్లల ఊరికో వెళ్ళిపోయారు. ఇల్లు అమ్మేనాటికి మనిషి వేరే చోట ఉంటే సంతకం అక్కడి నోటరీ ముందే పెడతారు. దస్తావేజు చివర నోటరీ రాసే నాలుగు పంక్తులు ఎవరూ చదవరు. నువ్వు మొదట అవే చదువు. ఏ రాష్ట్రం, ఏ కౌంటీ, ఏ తేదీన ఈ మనిషి తన ముందు సంతకం పెట్టాడో అక్కడ ఉంటుంది. ఓక్లండ్ కౌంటీ ఇల్లు అమ్ముతూ ఆయన ఫ్లోరిడాలోని ఏదో కౌంటీలో సంతకం పెట్టారంటే, నీకు తరువాతి కౌంటీ దొరికినట్టే. తనఖా తీరిన విడుదల పత్రం, ఎవరికైనా ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ కూడా ఇలాంటి జాడలు వదులుతాయి. పాత దస్తావేజుల సూచిక మాత్రమే ఇంటర్నెట్‌లో ఉండి కాగితం బొమ్మ లేకపోతే, పుస్తకం నంబరు, పేజీ నంబరు రాసుకుని కాపీకి అర్జీ పెట్టు, లేదా ఒక పనిదినం సెలవు పెట్టి వెళ్ళు. కౌంటర్ దగ్గర ఉన్నవాళ్ళు పుస్తకం నంబరుతో వచ్చిన మనిషిని ఎంతో ఆదరంగా చూస్తారు. మా తాతగారి కథ వినండి అంటూ మొదలుపెడితే మాత్రం వాళ్ళకూ కష్టం, నీకూ కష్టం.

ఫ్లోరిడా అని తేలితే సగం పని అయినట్టే. అక్కడ 67 కౌంటీలు, దస్తావేజులు కోర్టు క్లర్కు దగ్గర పేరుతోనే వెతకవచ్చు. ఇంటి పన్ను విలువ కట్టే ప్రాపర్టీ అప్రైజర్ సైట్లలోనూ యజమాని పేరుతో వెతకనిస్తారు. అందులో రెండు చిరునామాలుంటాయి: ఇల్లు ఉన్న చోటు, పన్ను నోటీసు పంపే చోటు. రెండూ ఒకటే అయి, హోమ్‌స్టెడ్ మినహాయింపు కూడా ఉంటే ఆయన ఆ ఇంట్లోనే కాపురం ఉంటున్నారని నమ్మవచ్చు, ఎందుకంటే ఆ మినహాయింపు సొంత నివాసానికే ఇస్తారు. నోటీసు వేరే ఊరికి వెళ్తుంటే ఆయన ఆ వేరే ఊళ్ళో ఉండవచ్చు. ఆయన పేరు బదులు ఇంటిపేరుతో ఉన్న ఫ్యామిలీ ట్రస్టు కనిపిస్తే కంగారు పడకు. పెద్దవయసులో ఇల్లు ట్రస్టు పేరిట రాయడం ఇక్కడ మామూలే. కాలిఫోర్నియా అయితే కాస్త ఇబ్బంది, అక్కడ చాలా కౌంటీల సైట్లలో పన్ను రికార్డును యజమాని పేరుతో వెతకనివ్వరు.

ఆయన వైద్యుడు కావడం మనకు ఇంకో ఆధారం. వైద్యుల లైసెన్సు రాష్ట్రం ఇస్తుంది, కౌంటీ కాదు. పేరు కొట్టి ఎవరైనా చూడవచ్చు. ఫ్లోరిడా లాంటి రాష్ట్రాల్లో చదివిన కళాశాల కూడా చూపిస్తారు. గుంటూరు వైద్య కళాశాల అని, పట్టా వచ్చిన ఏడాది అమ్మమ్మ చెప్పినదానితో సరిపోతే అప్పుడు గుండె మీద చెయ్యి వేసుకుని ఈయనే అనవచ్చు. ఒక్క కాగితాన్ని ఎప్పుడూ నమ్మకు. వేరు వేరు చోట్ల పుట్టిన రెండు కాగితాలు ఒకే మనిషిని చూపిస్తేనే అమ్మమ్మకు చెప్పు. ఆ వయసులో ఆవిడకు లేని ఆశ కల్పించి తీసేయడం చాలా పాపం.

ఇంకో మాట కూడా రాయాలి. ఆయన బతికి ఉంటే ఎనభై దాటి ఉంటారు. లేరన్న వార్త దొరకడానికీ మనసు సిద్ధం చేసుకో. మిషిగన్‌లో మరణ ధ్రువపత్రం ఎవరైనా రుసుము కట్టి తీసుకోవచ్చు. ఫ్లోరిడాలో మరణ కారణం లేని ప్రతిని అలాగే ఇస్తారు. ఇల్లు భార్యాభర్తలిద్దరి పేర్న ఉంటే, మిగిలినవారు అమ్మేటప్పుడు పోయినవారి మరణ పత్రాన్ని దస్తావేజుల పుస్తకంలోనే నమోదు చేయిస్తారు. నీకు అది అక్కడే తగలవచ్చు, చదువుతున్నప్పుడు ఒంటరిగా ఉండకు. అలా అయితే, పోయినవారి ఆస్తి వ్యవహారాలు తేల్చే ప్రొబేట్ కోర్టు చూడు. వీలునామా ఉన్నా లేకపోయినా, ఆస్తి అక్కడికి వచ్చి ఉంటే అర్జీలో వారసుల పేర్లూ చిరునామాలూ రాయక తప్పదు. పోయినవారి దస్త్రమే బతికున్న బిడ్డల దగ్గరికి తీసుకెళ్తుంది. ట్రస్టు ఉన్న ఇళ్ళలో మాత్రం ప్రొబేట్ జోలికి వెళ్ళే అవసరం రాకపోవచ్చు, అప్పుడు స్థానిక పత్రికల్లో వచ్చిన మరణ వార్తలు వెతకాలి.

చిరునామా దొరికాక ఏం చేయాలన్నది నాకు అన్నిటికన్నా ముఖ్యం. నేరుగా వెళ్ళి తలుపు కొట్టవద్దు. మన తెలుగు వాట్సాప్ గుంపుల్లో ఆ చిరునామా పెట్టి ఈయన ఎవరికైనా తెలుసా అని అసలే అడగవద్దు. ఒక మనిషి నలభై ఏళ్ళు ఉత్తరం రాయలేదంటే దానికి మనకు తెలియని కారణం ఉండవచ్చు, అది చెప్పాలో వద్దో ఆయన ఇష్టం. 1989లో కాలిఫోర్నియాలో ఒక యువ నటి ఇంటి చిరునామాను వాహన రికార్డుల నుంచి బయటికి తీయించి, ఒక ఉన్మాది ఆమె గుమ్మం దగ్గరే కాల్చి చంపాడు. 1994లో కేంద్ర చట్టం వచ్చి వాహన, లైసెన్సు రికార్డులను మూసింది అందువల్లే. హింస నుంచి తప్పించుకున్నవారి చిరునామాను దాచే పథకాలు కూడా చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి. కాగితం అందరికీ తెరిచి ఉన్నంత మాత్రాన ఆ ఇల్లు అందరికీ తెరిచి ఉన్నట్టు కాదు.

ఉత్తరం రాయి. అమ్మమ్మ చేత తెలుగులో, ఆవిడ చేతిరాతతో ఒక పేజీ రాయించు. ఇక్కడి వృద్ధులకు మోసపు ఫోన్లు, మోసపు ఉత్తరాలు ఎడతెరిపి లేకుండా వస్తాయి. ఇంగ్లీషులో టైపు చేసిన కాగితాన్ని ఆయన చెత్తబుట్టలో వేయవచ్చు, అక్కయ్య చేతిరాతను వేయరు. మన లిపి రాని ఆయన పిల్లల కోసం నువ్వు అరపేజీ ఇంగ్లీషులో జతచేయి: నువ్వెవరు, ఆయనకు ఏమవుతావు, ఎలా కనుక్కున్నావు, నీ ఫోను నంబరు. జవాబు ఇవ్వాలన్న నిర్బంధం లేదని కూడా రాయి. పాత ఫోటో ఉంటే నకలు పెట్టు, అసలు పంపకు. మామూలు స్టాంపుతోనే పంపు. సంతకం తీసుకుని అందజేసే సర్టిఫైడ్ ఉత్తరం కోర్టు నోటీసులా భయపెడుతుంది. వెనక్కి వచ్చే చిరునామాగా నాది రాయి. నువ్వు ఇల్లు మారినా నేను మారను.

నీ ఉత్తరం చివర తెనాలి పొలం పంపకాలకు ఆయన సంతకం కూడా కావాలని మీ మామయ్య అంటున్నారని రాశావు. అది మొదటి ఉత్తరంలో ఒక్క అక్షరం కూడా కనిపించకూడదు. దాచిపెట్టమని చెప్పడం లేదు. ఆయన జవాబు ఇచ్చి, అక్కాతమ్ముళ్ళు మాట్లాడుకున్నాక, మీ మామయ్యే తన పేరుతో విడిగా ఉత్తరం రాసి అడగాలి. నువ్వు మధ్యవర్తిగా నిలబడవద్దు. నలభై ఏళ్ళ తరువాత వచ్చిన అక్కయ్య ఉత్తరం పొలం సంతకం కోసమేనని ఆయన అనుకుంటే ఆ తప్పు మళ్ళీ దిద్దలేం. మామయ్య తొందరపెడితే నాతో ఫోనులో మాట్లాడమను, నేను చెప్తాను.

ఒకసారి జవాబు రాకపోతే కొన్ని నెలలు ఆగి ఇంకొక్కటి రాయి. దానికీ రాకపోతే ఆపేయాలి. అమ్మమ్మకు ఆయన క్షేమంగా ఉన్నారన్న మాట చెప్పు, చిరునామా మాత్రం ఇంట్లో అందరికీ పంచకు.

ఇప్పుడు నాకు పంపవలసినవి: సౌత్‌ఫీల్డ్ కవరు మీది పూర్తి చిరునామా స్పష్టంగా కనిపించే ఫోటో, ఆయన పూర్తి పేరు బడి సర్టిఫికెట్‌లో ఉన్నట్టు, పుట్టిన ఏడాది, గుంటూరులో చదివిన ఏళ్ళు. అమ్మమ్మ దగ్గర ఆయన పాస్‌పోర్టు నాటి కాగితం ఏదైనా ఉందేమో పెట్టె వెతకమను, అందులో పేరు ఇంగ్లీషులో ఎలా రాశారో మనకు కావాలి. అవి వచ్చాక సూచిక మొదటిసారి ఇద్దరం ఫోనులో కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ